పటంలో లేని మల్బరీ చెట్లు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక ఏప్రిల్ నెలలో, ఢిల్లీలో సరోజినీ నగర్ దగ్గరి ప్రభుత్వ క్వార్టర్లను కొత్తగా కట్టే పనికి నన్ను ఉద్యాన విభాగం డిప్యూటీ డైరెక్టర్‌గా వేశారు. పాత పద్ధతిలో చెట్ల సర్వే అంటే ఒక్కో చెట్టు మొదలును ఛాతీ ఎత్తున టేపుతో కొలిచి, రంగుతో నంబరు వేయడం. ఈసారి ఆ పని కృత్రిమ మేధకు అప్పగించారు. అది ఉపగ్రహ చిత్రం చూసి ఒక్క పూటలో చెట్లు, దారులు, పార్కింగు అన్నీ గీసి ఇచ్చింది. మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఏం చేయను.

స్థలాన్ని స్వయంగా పరిశీలించానని ధ్రువపత్రం ఇవ్వాల్సింది నేను. పటం అంత ముచ్చటగా ఉంటే ఎండలో పడి వెళ్లడం దేనికని ఆఫీసులోనే సంతకం గీకేశాను.

వారం తిరక్కుండా, ఆ కాలనీలో ఇస్త్రీ బల్ల పెట్టుకున్న బిమల నా గదికి వచ్చి, చెట్లు కొట్టేస్తున్నారని హిందీలో మొరపెట్టుకుంది. అక్కడ పార్కింగు వస్తుంది, చెట్లే లేవమ్మా అని పటం చూపించాను.

"అచ్ఛా సాబ్, మరి ఇన్నేళ్లు నేను దేని నీడలో నిలబడ్డాను?" అంది.

వెళ్లి చూస్తే ఆరు మల్బరీ చెట్లు. ఆమె బల్లకు నీడనిచ్చే రెండూ అప్పటికే కాయలతో సహా నేల మీదున్నాయి. పని ఆపించి, పటం తయారు చేయించిన కన్సల్టెంటు రిచాకు ఫోన్ చేశాను. "సర్, మోడల్‌కి అక్కడ పచ్చదనమే కనిపించలేదు" అంది. చిత్రం ఏ నెలదని అడిగాను. జనవరిదట. ఢిల్లీ చలికి మల్బరీ ఆకంతా రాల్చి మోడులా నిలబడుతుంది. మా తోటమాలుల్లో ఎవరినడిగినా చెబుతారు. ఒళ్లు మండిపోయింది, ముందు రిచా మీద, తర్వాత నా మీద.

మిగిలిన నాలుగు చెట్లనూ కొలిచి నంబర్లు వేయించాను. పార్కింగు పక్కకు జరిగింది. బిమల తన బల్లను చెత్తకుండీ పక్కనున్న చెట్టు కిందికి మార్చుకుంది. నాతో మళ్లీ మాట్లాడలేదు.

అనుమతి లేకుండా చెట్లు కొట్టినందుకు నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. యంత్రం పొరబడిందని రెండు పేజీల జవాబు రాశాను. పై అధికారి దాన్ని తిప్పి పంపుతూ, యంత్రం సంతకం ఎక్కడుందో చూపించమని మార్జిన్‌లో రాశారు.

ధ్రువపత్రం మీద ఉన్నది నా సంతకమే. చిత్రం ఏ నెలదో అడగాలి, ఆ తర్వాత నడిచి వెళ్లి చూడాలి. నేను నేర్చుకున్నది ఇంతే. ఆ రెండు చెట్లనూ కొట్టించింది నేనే.