అరచేతిలో ఇమిడే పిస్తోలు

కాగితం మిల్లు స్టోర్స్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు నాకు సెల్యూట్ కొట్టేవాళ్లు. రిటైరై సారపాకలోనే ఇల్లు కట్టుకున్నాక అదే గేటు ముందు నుంచి స్కూటరు మీద పోతుంటే ఒక్కడూ తలెత్తి చూడలేదు. నాకు పిస్తోలు కావాలనిపించింది అప్పుడే. ఇంట్లో మాత్రం, అడవి పక్కనున్న మా జామాయిల్ తోటలో పందుల బెడద ఎక్కువైందని చెప్పాను.

"పందులు జామాయిల్ తింటయా?" అంది మా ఆవిడ.

నేను స్కూటరు తాళం తీసుకుని బయటికి వెళ్లాను.

ఏదో ఒక పిస్తోలైతే సరిపోదు నాకు. మా మేనమామ వెదురు కాంట్రాక్టరు. ఆయన దగ్గర బెల్జియంలో తయారైన బుల్లి పిస్తోలు ఒకటి ఉండేది. అరచేతిలో ఇమిడిపోయేది. దాన్ని చొక్కా జేబులో వేసుకుని పెళ్లిళ్లకు వచ్చేవాడు. బయటికి తీసి ఎవరికీ చూపించేవాడు కాదు. జేబు కాస్త కిందికి వేలాడేది, అంతే. ఆ వేలాడే జేబును చూసే జనం ఆయనకు ముందు వరుసలో కుర్చీ వేసేవాళ్లు. అడవిలో అన్నల తిరుగుడు ఎక్కువైన రోజుల్లో, సంగతి తెలిస్తే వచ్చి అడుగుతారన్న భయంతో ఆయనే దాన్ని పోలీసులకు అప్పజెప్పాడు. మా వైపు అలాంటివి ఉన్న ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా అదే పని చేశారు.

లైసెన్సు కోసం అర్జీ పెట్టుకుంటే ఎస్సై విచారణకు వచ్చాడు. ఎవరన్నా బెదిరించారా అని అడిగాడు. లేదన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతులో పలికిన విచారం నాకే వినిపించింది. చాలాకాలం తిప్పించుకుని, బహుశా నా వాలకం చూసి వీడివల్ల ఎవరికీ ప్రమాదం లేదనుకుని, లైసెన్సు ఇచ్చారు. ఫలానా గడువులోగా ఆయుధం కొనుక్కోవాలన్నారు.

హైదరాబాదులో ఒక పాత తుపాకుల దుకాణానికి వెళ్లాను. బెల్జియందో, చెకొస్లొవేకియాదో, చిన్నది కావాలని దుకాణం పెద్దాయనను అడిగాను.

"బయటి మాల్ రావడం బంద్ అయ్యి ఎన్నేళ్లో అయింది సార్. మీరు అడిగే చెకొస్లొవేకియా, ఆ దేశమే లేదిప్పుడు," అన్నాడాయన.

ఉన్నవే చేతులు మారుతున్నాయట. ఉన్నవాళ్లు అమ్మరు. వాళ్లు పోతే పిల్లలు భయపడి స్టేషన్లో ఇచ్చేస్తారు. మిగిలిన కాసిన్నింటికి స్ప్రింగు పోతే స్ప్రింగు దొరకదు, తూటాలు దొరకడం అంతకన్నా కష్టం. కావాలంటే ఇక్కడ తయారైనది తీసుకొమ్మని ఒకటి చేతిలో పెట్టాడు. జేబులో వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. పైపులు బిగించడానికి పానా తీసుకుని బయల్దేరిన మనిషిలా ఉన్నాను. నా ముఖం చూసి జాలిపడి, మధిరలో ఒక పెద్దావిడ దగ్గర చెకొస్లొవేకియాది ఉండాలని చెప్పాడు.

మా ఆవిడ కూడా నాతో మధిర వచ్చింది. ఆ పెద్దావిడ రిటైరైన టీచరు. భర్త పత్తి వ్యాపారి, చాలా ఏళ్ల కిందటే పోయాడు. పిస్తోలు లైసెన్సు ఆవిడ తన పేరు మీదికి మార్పించుకుంది. కాఫీ ఇచ్చి, నన్ను పెళ్లికొడుకును అడిగినట్టే ఉద్యోగం, ఆరోగ్యం, అలవాట్లు అన్నీ అడిగింది. తర్వాత బీరువాలోంచి పిస్తోలు తెచ్చి, తూటాలు లేవని చూపించి, పైభాగాన్ని వెనక్కి లాగి చూడమంది. చెమట పట్టిన వేళ్లతో లాగాను. సగంలో జారింది. బొటనవేలి పక్కన చర్మం అందులో ఇరుక్కుంది. నేను అరిచిన అరుపుకు పక్కింటావిడ వచ్చి గుమ్మంలోంచి తొంగిచూసింది. మా ఆవిడ చీర కొంగు తడిపి నా చేతికి చుట్టింది.

"నీకు శత్రువులున్నారా నాయనా?" అని అడిగింది పెద్దావిడ.

"లేరమ్మా."

"మా ఆయనకీ లేరు. అయినా దీన్ని తలగడ కింద పెట్టుకునేవాడు. అది ఎప్పుడు పేలుతుందోనని నాకు కంటిమీద కునుకుండేది కాదు. నీకిస్తే ఈ అమ్మాయికి నిద్రుండదు."

ఆ అమ్మాయికి మనవలున్నారు. అయినా తలవంచుకుని సిగ్గుగా నవ్వింది. ఇద్దరూ ఒకరి ఫోన్ నంబరు ఒకరు తీసుకున్నారు. నా నంబరు ఎవరూ అడగలేదు.

ఎన్నికలు వచ్చాయి. లైసెన్సున్న ఆయుధాలన్నీ స్టేషన్లో జమ చేయమన్నారు. పెద్దావిడ మా ఆవిడకు ఫోన్ చేసి నన్ను పంపమంది. చుట్టాలెవరూ ఆ వస్తువుతో స్టేషను గడప తొక్కనన్నారట. నా గడువు ఇంకా కొద్దిరోజులుంది. మనసు మార్చుకుందేమో అనుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సులు మారి మధిరకు వెళ్లాను.

ఆవిడ పిస్తోలును చేతిసంచీలో పెట్టుకుంది. ఆటోలో స్టేషనుకు వెళ్లాం. హెడ్ కానిస్టేబుల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, లైటరా అమ్మా అని అడిగాడు. కాదంది. ఎన్నికలయ్యాక వచ్చి తీసుకుపొమ్మని ఆయన చెబుతుంటే ఆవిడ అడ్డొచ్చింది.

"మళ్లీ నాకివ్వొద్దు బాబూ. సర్కారుకే ఇచ్చేస్తున్నా. ఏం రాయాలో చెప్పు, రాసిస్తా."

నేను గొంతు సవరించుకుని, నాకు లైసెన్సుందని గొణిగాను. ఆవిడ నావైపు చూడకుండానే నా చేతి మీద మెల్లగా తట్టింది. పిస్తోలు కానిస్టేబుల్ బల్ల సొరుగులోకి వెళ్లింది. సొరుగు మూసేదాకా నేను మెడ చాచి చూశాను. ఆవిడ మాత్రం కళ్లజోడు తుడుచుకుని, మంచినీళ్లున్నాయా అని అడిగి తాగింది.

తిరిగొచ్చేటప్పుడు మార్కెట్ దగ్గర ఆటో ఆపించి, మా ఆవిడ కోసమని వంకాయలు కొని సంచీ నాకిచ్చింది. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గడువు పొడిగించమని అడగాలా వద్దా అని ఖమ్మం దాకా ఆలోచించాను. ఖమ్మం దాటాక నిద్రపోయాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ సంచీ విప్పి చూసి, వంకాయలు లేతగా ఉన్నాయంది.