నాయన జేబుకు చేసిన జత

మొన్న నా పుట్టినరోజుకని మా కోడలు చెక్కతో చేసిన పెన్నూ పెన్సిలూ సెట్టొకటి తెప్పించి ఇచ్చింది. రెండూ అచ్చం కవలపిల్లలే, రంగులో వెంట్రుకవాసి తేడా లేదు. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే ఒకప్పుడు అలాంటి జత చేయబోయి మూడు నెలల ఆదివారాలను రంపపుపొట్టు పాలు చేసుకున్నవాణ్ణి.

డెబ్భైల చివరి మాట. నేను తిరుపతిలో కొత్త గుమాస్తాను, నాయన చిత్తూరులో పాత గుమాస్తా. చిత్తూరాయన గనక చిత్తు పెన్సిల్‌తోనే రాసి, ఆపైన పెన్నుతో దిద్దేవాడు. పై అధికారుల జేబుల్లో జతగా మెరిసే సెట్లు చూసి, తన జేబులోని కారే పెన్నునూ వేలెడు లేని పెన్సిల్ ముక్కనూ తడుముకునేవాడు. ఆయన రిటైరయ్యే రోజున ఆ జేబులో ఒకే చెక్కతో చేసిన జత పెట్టాలని నా పంతం.

మంచం కోళ్ళు చేసే మా పెదనాయన, బొమ్మలవాళ్ళ దగ్గర మిగిలిన ఎర్రచందనం ముక్కొకటి ఇప్పించి, ఆదివారాలు, కోళ్ళను తిప్పుతూ చెక్కే తన తరిమెనను నాకు వదిలేశాడు. దాని మీద చెక్క గిరగిరా తిరిగేది, దాంతోపాటు నా తలా తిరిగేది. మొదటి నెలలో పెన్ను కుదిరింది గానీ, పెన్సిల్ ముక్కను బిగించుకునే గొట్టానికి బెజ్జం వేయబోతే చెక్క నిలువునా చీలింది. రెండోది వంకరపోయింది.

“ఏమబ్బా, పెన్సిలు చేస్తా ఉండావా, అప్పడాల కర్రా?” అని గుమ్మంలోంచి పెద్దమ్మ.

మూడోది కుదిరింది. తీరా పెన్ను పక్కన పెడితే ప్రాణం ఉసూరుమంది. అప్పుడే చెక్కిన పెన్సిల్ నిప్పుకణికలా ఉంటే, నూనె పట్టించి రెండు నెలలు కిటికీలో ఉంచిన పెన్ను నల్లబడిపోయింది. గరుకు కాగితంతో రుద్దాను, రుద్దాను; నలుపు పూర్తిగా పోలేదు, పెన్నే సన్నబడింది.

“ఇంక రుద్దొద్దురా సామీ! రెండూ ఒకతావున పడుండనీ, అవే కలుస్తాయి,” అన్నాడు పెదనాయన.

“యాడ కలుస్తాయి పెదనాయనా, ఎల్లుండే గదా నాయన రిటైరయ్యేది!”

చివరికి పెన్ను మాత్రమే ఇచ్చాను. నాయన దాన్ని తిప్పి తిప్పి చూసినాక, “బాగుండాదబ్బా. దీనికి జతగా పెన్సిలేమన్నా చేసినావా?” అని అడిగాడు.

“లేదు నాయనా,” అన్నాను. పెన్సిలేమో తిరుపతిలో నా గది అలమారాలో ఉంది.

ఉన్నన్నాళ్ళూ ఆయన ఆ పెన్ను పక్కనే వేలెడు లేని ముక్కనూ పెట్టుకుని తిరిగాడు. ఆయన పోయాక పెన్ను నా దగ్గరికే వచ్చింది. నా మీద నాకే చిరాకుతో దాన్ని పెన్సిల్ దగ్గరికి చేర్చనే లేదు. మొన్న కోడలి సెట్టు చూశాక రెండింటినీ వెతికి తీసి బల్లమీద పక్కపక్కన పెట్టాను. రంగు ఒక్కటే. రంగు చూసి ఏది ముందు చేశానో ఎవరూ చెప్పలేరు, రుద్దిన చోట పెన్ను సన్నంగా ఉండడమొక్కటే తేడా.

ఇప్పటి జతలు కలిసే పుడతాయి, రెండు రోజుల్లో గుమ్మం ముందుకొస్తాయి, వేటికోసమూ ఎవరూ ఆగనక్కర్లేదు. మంచిదే. కానీ ఆరోజు నాయన అడిగినప్పుడు, ‘ఉండాది నాయనా, రంగే కలవలేదు’ అని ఉంటే, ఆ రెండూ ఆయన జేబులోనే కలిసేవి.