కిటికీ కింద పెద్దావిడ

అడగందే అమ్మైనా పెట్టదంటారు. సంచులకు జిప్పులు వేసే మేస్త్రి మాత్రం అడక్కముందే పెట్టే రకం. వీధిలో ఎవరైనా రెండుసార్లు అటూ ఇటూ చూస్తే చాలు, సూది అక్కడే గుచ్చేసి, "ఎవరిల్లు కావాలండీ?" అంటూ కొట్లోంచి బయటికొచ్చేవాడు. "ఊళ్ళో గొడవలన్నీ నీకెందుకయ్యా?" అని భార్య ఎంత మొత్తుకున్నా చెవికెక్కేది కాదు.

ఆ వానల్లో అతనికి ఒక పెద్దావిడ కనిపించసాగింది. ఎదురు మేడ కింద గొడుగుతో నిలబడి, రెండో అంతస్తు కిటికీకేసి చూసేది. కాసేపుండి వెళ్ళిపోయేది. ఆ కిటికీ రిటైరైన లెక్కల టీచరమ్మది. పాపం, ఇల్లు తెలిసీ మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేకపోతోంది కాబోలు అనుకున్నాడు మేస్త్రి.

ఓ రోజు ఉండబట్టలేక, ఆవిడతో ఒక్క మాటైనా అనకుండా గబగబా పైకెళ్ళి తలుపు కొట్టాడు.

"టీచరమ్మా, మీ కోసం ఎవరో పెద్దావిడ కింద నిలబడ్డారు. మెట్లెక్కలేకపోతున్నట్టున్నారు."

టీచరమ్మ కిటికీలోంచి తొంగి చూసింది. చేతిలోని మంచినీళ్ళ గ్లాసు మేస్త్రికి అందించేసి, చెప్పులైనా వేసుకోకుండా దిగింది. అతను వెనకాలే దిగేసరికి కింద ఎవరూ లేరు.

"మా చెల్లెలు," అంది టీచరమ్మ ఆయాసపడుతూ. "మాటలు మానుకుని ఏళ్ళయింది. నన్ను చూడగానే వెళ్ళిపోయింది." వీధి చివరిదాకా చూసి అడిగింది. "గొడుగు అడ్డంగా ఉంది. జుట్టంతా నెరిసిపోయిందా?"

మేస్త్రి గ్లాసు ఆవిడ చేతికిచ్చేసి కొట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పెద్దావిడ రావడం మానేసింది. మేస్త్రి కుట్టు కుట్టుకీ తలెత్తి వీధిలోకి చూసేవాడు. వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం ఆవిడ నేరుగా కొట్లోకే వచ్చింది.

"మిమ్మల్నెవరు పైకి వెళ్ళమన్నారు?"

"ఎవరూ అనలేదమ్మా. తప్పయిపోయింది."

"ఆ కిటికీలో లైటు చూసి, బాగానే ఉందిలే అనుకుని వెళ్ళేదాన్ని. ఇప్పుడు అదీ లేకుండా చేశారు."

గడప దాకా వెళ్ళిన మనిషి ఆగింది.

"దిగొచ్చిందా?"

"వచ్చారమ్మా. చెప్పులైనా లేకుండా."

ఆవిడ వెనక్కొచ్చి స్టూలు మీద కూర్చుంది. "ఏమంది?"

"మీ జుట్టు నెరిసిందా అనడిగారు."

"మరేం చెప్పారు?"

"తోచలేదమ్మా."

"నెరిసిందని చెప్పండి," అంది ఆవిడ.

పైకి వెళ్దాం రండి అన్న మాట మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

అప్పట్నుంచి ఆవిడ శుక్రవారాలు కొట్లో కూర్చుని వెళుతోంది. మిగతా రోజుల్లో టీచరమ్మ, నిక్షేపంలాంటి జిప్పులున్న సంచులు బాగుచేయమని తెస్తోంది. అక్కకి నిద్ర పడుతోందా అని పెద్దావిడ, చెల్లి చిక్కిందా అని టీచరమ్మ అతన్నే అడుగుతున్నారు. అసలు ఎందుకు విడిపోయారో తెలుసుకోవాలని మేస్త్రికి ప్రాణం కొట్టుకుంటోంది. మొత్తుకునే భార్యే ఇప్పుడు "అడగవయ్యా" అని పోరుతోంది. అతను అడగడం లేదు.

మొన్న టీచరమ్మ సంచీ బల్ల మీద పెట్టి, "మా చెల్లి ఏ రోజు వస్తుంది?" అంది.

మేస్త్రి చెప్పాడు.

"అయితే సంచీ ఇక్కడే ఉంచండి. శుక్రవారం వచ్చి తీసుకుంటాను."