చికెన్ షాపు మోరిలో నా వైరస్

ఆ రోజుల్లో, అంటే కరీంనగర్ ల్యాబులో ప్రాజెక్టుకు చేరిన కొత్తలో, ఫోనులో చార్జింగ్ అయిపోవడమే నాకు తెలిసిన పెద్ద కష్టం. పక్క బల్ల మీద బ్యాక్టీరియా పెంచే ప్లేటులో గుండుసూది తలంత చుక్క కనబడినా కడుపు మండుతుందని, హైదరాబాద్‌లో పెరిగిన నాకు అక్కడే తెలిసింది. పని ఇదీ: చికెన్‌లో చేరి మనకు వాంతులూ విరేచనాలూ తెప్పించే సాల్మొనెల్లా బ్యాక్టీరియాను చంపే వైరస్‌ను వెతకాలి. ఫేజ్ అంటారు దాన్ని. బ్యాక్టీరియాను తప్ప మనిషిని ముట్టదు (ఈ మాట చెప్తే మా అమ్మ "అయినా గానీ చేతులు కడుక్కో" అంది). బ్యాక్టీరియా ఉన్నచోటే అదీ ఉంటుంది కాబట్టి చికెన్ షాపు మోరి నీళ్ల కోసం, అంటే మురిక్కాలవ నీళ్ల కోసం, తిరిగేవాళ్లం. గట్టి ఫేజ్ ఎవరికి దొరికితే దానికి వాళ్లే పేరు పెట్టొచ్చని మా ల్యాబు సారు అన్నారు. నా పేరే ఖాయం చేసుకుని, ఎలా కనబడుతుందో ఫోనులో రకరకాల అక్షరాల్లో రాసి చూసుకున్నాను కూడా.

నాకు అడ్డల్లా నాతోపాటు చేరిన చొప్పదండి పిల్ల (అందరూ దాన్ని ఊరి పేరుతోనే పిలిచేవారు). అది షాపుకు పోయి "కాకా, పావుకిలో కొట్టు. గా మోరి నీళ్లు జర సీసల పట్టుకుంట" అనేది; షాపతను నవ్వి పక్కకు జరిగేవాడు. కొద్దిరోజుల్లోనే దాని ప్లేటులో, మీగడలా పరుచుకున్న బ్యాక్టీరియా మధ్య చిన్న చిన్న ఖాళీ చుక్కలు. అవి ఫేజ్ పని చేసిన జాగాలు! నాకు అన్నం సయించలేదు. మర్నాడు తెల్లకోటు వేసుకుని అదే షాపుకు పోయి, ఫోను పైకెత్తి వీడియో తీస్తూ "శాంపిల్ తీసుకోవాలి" అన్నాను. అతని మొహం పాలిపోయింది. "జర ఆగుండ్రి మేడం, గిప్పుడే కడిగిస్త, ఫికర్ జేయకుండ్రి" అని లోపలికి ఉరికాడు. కాసేపటికి వచ్చి "ఇగ తీస్కోండ్రి, మంచిగున్నది" అన్నాడు. ముక్కుకు ఘాటు తగిలినా, నా హోదాకు దక్కిన మర్యాద అనుకుని సీసా నిండా పట్టుకున్నాను.

వడకట్టి ఒక చుక్క వేస్తే, మర్నాటికి ప్లేటులో రూపాయి బిళ్లంత ఖాళీ! ఫోటో తీసి స్టేటస్ పెట్టేశాను. "నీ చుక్కలు కనబడ్తలేవే, భూతద్దం తెచ్చుకో" అన్నాను చొప్పదండితో. అది కళ్లు పెద్దవి చేసి "అబ్బ, గింత పెద్దదా! మస్తుందే" అని నిజంగానే సంతోషపడింది. అందుకు ఇంకా మండింది. సారు మాత్రం ఇద్దరినీ నీళ్లు కలిపి పలుచన చేసి మళ్లీ వేయమన్నారు. ఫేజ్ అయితే బ్యాక్టీరియా మీద పెరిగి విడివిడి చుక్కలుగా కనబడుతుందట. దాని ప్లేటు నిండా చుక్కలు. నా ప్లేటులో బ్యాక్టీరియా హాయిగా కాపురం పెట్టింది. సారు నా సీసా వాసన చూసి తుమ్మారు. "గిది వైరస్ గాదు బిడ్డా, బ్లీచింగ్ పౌడర్. షాపాయన నీ కోటు, ఫోను జూసి తనిఖీకొచ్చిన ఆఫీసరనుకుని మోరి కడిగిండు." ల్యాబంతా నవ్వింది. కోపంతో నేను విసిరిన గ్లౌజు పోయి సారు భుజం మీద వాలింది.

తరువాత చికెన్ ముక్కల మీద చొప్పదండి ఫేజ్ చల్లి చూస్తే సాల్మొనెల్లా బాగా తగ్గింది. "ఏం పేరు పెడ్తవ్?" అన్నారు సారు. అది నా వైపు తిరిగింది. "నాకేం తోస్తలేదే, నువ్వే చెప్పరాదు." నా పేరు నాలుక చివరిదాకా వచ్చింది, చెబితే అది పెట్టేసేది కూడా. కానీ, ఏమైందో ఏమో, "చొప్పదండి" అనేశాను.

ఇప్పటికీ ఎవరైనా ఆ ఫేజ్ మాట ఎత్తితే, పేరు పెట్టింది నేనేనని ముందుగా చెప్పుకుంటాను. మరి కనిపెట్టిందెవరని అడిగారా, ఫోను మోగినట్టు చెవికి పెట్టుకుని బయటికి నడుస్తాను.