బకై పుంజు, నా పేరు రాసిన గిన్నె

ఒహాయోలో నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ బకై కోళ్ళు పెంచేది. ఈ రాష్ట్రంలోనే పుట్టిన పాత జాతి. ముదురెరుపు ఈకలు, నల్ల తోక, నెత్తికి అంటుకుపోయినట్టుండే చిన్న తురాయి. తురాయి చిన్నది కాబట్టి మంచుకి పాడవదు. ఒంటినిండా కండ కాబట్టి చలికి ఆగుతుంది. గడ్డకట్టిన పెరట్లో అవి తిరుగుతుంటే, మెకానికల్ చదివినవాణ్ణి కదా, మంచి డిజైన్ అనుకునేవాణ్ణి.

ఇండియా వాణ్ణనగానే ఆవిడ నన్ను శాకాహారి అనుకుంది. మాది గుంటూరు క్రైస్తవ కుటుంబం. ఆదివారం ఆరాధన తర్వాత కోడికూర లేకపోతే అది ఆదివారమే కాదు. అయినా, ఆవిడ వండే చప్పటి మాంసం తప్పుతుందని ఊరుకున్నాను. ఆవిడ నాకోసం వేరే గిన్నె కొని, పిడి మీద నా పేరు రాసి, చిక్కుడు గింజలు అందులోనే ఉడికించేది.

ఎనభై రెండు జనవరిలో మా తెలుగు చర్చిలో నేను వదినా అని పిలిచే ఆమె నన్ను కార్లో దింపుతూ పెరట్లోకి చూసింది. కడుపుతో ఉంది. ఏదీ సయించక చిక్కిపోయింది.

"ఇవి మన నాటుకోళ్ళేనయ్యా! షాపు చికెన్ దూదిలా ఉంటోంది. ఒకటి అడిగిపెట్టు."

"నేనడగలేను వదినా."

"తినేదాన్ని, నాకే లేదు సిగ్గు. నీకెందుకూ?"

తనే దిగి అడిగేసింది. పెద్దావిడ నవ్వింది. ఏటా పుంజులు ఎక్కువే అవుతాయట, కొన్నిటిని కోయక తప్పదట. ఇక్కడే వండితే తనూ రుచి చూస్తానంది.

మర్నాడు వదిన కారం, మసాలా తెచ్చి పులుసు పెట్టింది. ఇల్లంతా ఆ వాసనే. బల్ల మీద నా ముందు మాత్రం చిక్కుడు గింజలు.

అలవాటు కొద్దీ వదిన తొడముక్క తీసి నా పళ్ళెంలో వేయబోయింది. పెద్దావిడ చప్పున చెయ్యి అడ్డుపెట్టింది.

"వద్దమ్మా, అతను మాంసం తినడు."

"ఇతనా? హీ ఈట్స్ ఎవ్రీథింగ్! పోయిన వారం మా ఇంట్లో రెండు కాళ్ళూ ఇతనే లాగించాడు."

పెద్దావిడ నావైపు చూసింది. చెయ్యి ఇంకా నా పళ్ళెం మీదే ఉంది.

"తింటాను," అన్నాను. చెవులు కాలిపోయాయి.

"మొదట్నుంచీనా?"

తలూపాను. ఆవిడ చెయ్యి తీసేసింది. ముక్క పళ్ళెంలో పడింది. అచ్చం ఇంటి రుచే. అయినా ఆ ఒక్క ముక్కతో ఆపేశాను. వదిన మాత్రం రెండోసారి వడ్డించుకుంది.

భోజనాలయ్యాక ఆవిడ నా గిన్నె కడిగి, మిగిలిన పులుసు అందులో పోసి, మూతపెట్టి వదిన చేతికిచ్చింది.

"నీ దగ్గరే ఉంచుకో. ఇక్కడిక దీంతో పనిలేదు."