అంచు తగ్గిన టోపీ

కెటిల్ మూతి దగ్గర టోపీ పట్టుకున్నాను. ఆవిరి తగలగానే పాత ఉన్ని మెత్తబడి, అందులోంచి ముందు ఆముదం వాసన, తర్వాత జీడిపిక్కలు కాల్చిన పొగ వాసన, చివరికి తల వాసన వచ్చాయి. నారాయణ మేస్త్రి పోయి చాలా ఏళ్లయింది. ఆ వాసన మాత్రం వేడి తగిలితే చాలు, ఇప్పటికీ లేస్తుంది. ఈ ఉదయం ఆయన భార్య చిట్టెమ్మత్త వజ్రపుకొత్తూరు వైపు నుంచి బస్సెక్కి పలాస వచ్చి, తువ్వాల్లో చుట్టిన టోపీని నా బల్ల మీద పెట్టింది. "మళ్లీ సిరిగిపోనాదిరా అప్పన్నా. నువ్వు కుట్టిన సోటే. సీజను వత్తంది గదా, సూడు" అంది. ఏడాదిలో ఎక్కువ కాలం టోపీ వాళ్లింట్లో మేకుకు వేలాడుతుంది. పిక్కలొచ్చే రోజుల్లో మాత్రం ఫ్యాక్టరీలో నా దగ్గరుంటుంది, ఆయన చేసిన పని ఇప్పుడు నాదే. ఇది ఆయన ఉన్నప్పుడు మొదలైన ఏర్పాటు కాదు, ఆయన పోయాక మేమిద్దరం ఏమీ అనుకోకుండానే కుదిరింది.

అది ఫెల్టు టోపీ. నేసిన గుడ్డ కాదు, ఉన్నిని ఒత్తి చేసింది. మేస్త్రి తండ్రి రంగం నుంచి తెచ్చాడు. రంగూన్‌ను మా పెద్దవాళ్లు రంగం అనేవారు. ఓడెక్కి కూలికి పోయిన ఆ మనిషి యుద్ధం రోజుల్లో అడవుల వెంట నడిచి తిరిగొచ్చాడట. దారిలో అన్నీ పోగొట్టుకున్నాడు, నెత్తిమీద ఉన్నది మిగిలింది. మేస్త్రి దాన్ని ఎండకు పెట్టుకునేవాడు, పనికీ వాడేవాడు. మా జీడిపప్పు ఫ్యాక్టరీకి పిక్కల లోడు వచ్చిందంటే, బస్తాల పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి గుప్పిళ్లు తీసి టోపీలో పోసి బాగా కలిపేవాడు. కళ్లు మూసుకుని అందులోంచి కొన్ని తీసి కత్తిరించేవాడు. మంచి పప్పెంత, మచ్చదెంత, తాలెంత అన్నదాన్ని బట్టి లోడంతటికీ ధర కట్టేవారు. రైతులు ఊరుకునేవారా? "ఏటి మేస్త్రీ, ఈయేడూ మాకు టోపీయేనా?" అనేవారు. "ముందు నా నెత్తినే ఎట్టుకున్నాను గదరా, ఇంకేటి గావాల?" అని నవ్వేవాడు.

పదో తరగతి తప్పి ఆయన దగ్గర చేరాను. లెక్క అంటే కాగితం మీద కూడడమే అనుకునేవాణ్ని. మొదటిసారి టోపీలో చెయ్యి పెట్టినప్పుడు నా మణికట్టు మీద చిన్న దెబ్బ వేశాడు.

"కళ్లు మూసుకో."

"మూసుకుంతే పిక్క ఎలాగ కనపడతాది మావా?"

"కనపడితే నీకు నచ్చిందే తీత్తావు. అది నీ కోరికరా, లోడు లెక్క కాదు."

సగటు, శాతం, ఎంత తేడా వరకు నమ్మొచ్చు, ఇవన్నీ తర్వాత నాకు నేనుగా నేర్చుకున్నాను. వాటి కింద పునాది మాత్రం మణికట్టు మీద పడ్డ ఆ దెబ్బే.

మా ఉద్దానం ప్రాంతంలో చాలామందికి వచ్చినట్టే ఆయనకీ మూత్రపిండాల జబ్బు వచ్చింది. పాదాలు ఉబ్బి, చేతుల్లో పట్టు తగ్గినా పనికి వచ్చేవాడు. ఆ సీజను చివర్లో నిండు టోపీని రెండు చేతులా పట్టుకోలేక, ముందువైపు అంచు మడత దగ్గర పట్టి ఎత్తాడు. ఎండి ఉన్న మడత కాగితంలా చీలింది. పిక్కలన్నీ పాదాల మీద రాలాయి. వంగి ఏరుకోబోయి, ఆగిపోయి, బస్తా మీద కూర్చుండిపోయాడు. ఆయన పని మధ్యలో కూర్చోవడం చూడ్డం నాకు అదే మొదలు.

ఆ నెలలోనే డయాలసిస్ మొదలైంది. తోడు నేనే వెళ్లేవాణ్ని. ఒకరోజు డాక్టరు నన్ను బయటకు పిలిచి, రక్తం కాస్త పెరిగిందనీ, గుండె మాత్రం బాగా బలహీనపడిందనీ, ఎక్కువ కాలం ఆశ పెట్టుకోవద్దనీ చెప్పాడు. లోపలికి వచ్చాక మేస్త్రి అడిగాడు.

"ఏటన్నాడ్రా?"

"రక్తం పెరిగిందంట మావా."

కాసేపు నా మొహం చూశాడు. "మంచి పిక్కలే ఏరి కోత్తన్నావేటిరా?"

నేను మంచం మీది దుప్పటి సర్దాను. ఆయన రెట్టించలేదు. "సర్లే, టోపీ కుట్టి తే. పై సీజనుకి గావాల" అని కళ్లు మూసుకున్నాడు.

పలాసలో ఇద్దరు టైలర్లు, టెక్కలిలో ఒకరు మిషను మీద వేస్తామన్నారు. మిషను సూది వరసగా చిల్లులు పెడితే ఫెల్టు ఆ గీత వెంటే చిరుగుతుంది. చేత్తోనే కుట్టాలి, దారం పైకి రాకుండా సగం మందంలోనే పోవాలి, లోపలి నుంచి అదే ఉన్నితో అతుకు వేయాలి. అదే ఉన్ని ఎక్కడ దొరుకుతుంది? ఆలోచించి, అంచు నుంచి వేలెడు వెడల్పున చుట్టూ ఒకే తీరుగా కోశాను. ఒకచోటే కోస్తే లోటు కనిపిస్తుంది, చుట్టూ పంచితే కనిపించదని లెక్క వేశాను. ఆయనకు కనిపించింది. మంచం మీద టోపీ తిప్పి చూస్తూ "అంచు తగ్గిందేరా" అన్నాడు.

"వేలెడు మావా, సుట్టూ."

"మంచిదే. మనిషి తగ్గినాడు, అది మాత్రం తగ్గొద్దేటి?" అని నెత్తిన పెట్టుకున్నాడు. వదులుగా చెవుల దాకా దిగింది. చిట్టెమ్మత్త నవ్వబోయి వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పుడాయన గొంతు తగ్గించి అడిగాడు. "పై సీజను దాకా ఆగుతామా, అప్పన్నా?"

ఆయన కళ్లలోకి చూసి, "టోపీ ఆగుతాది మావా" అన్నాను.

 ఆయన నా మణికట్టు పట్టుకుని, మొదట్లో దెబ్బ వేసిన చోటే మెల్లగా తట్టాడు. "ఇప్పుడు సరిగ్గా కోసినావు" అన్నాడు. ఆ రోజే భార్యను పిలిచి చెప్పాల్సినవన్నీ చెప్పుకున్నాడట. జీడిపూత రాకముందే పోయాడు.

ఆనాడు కోసిన అంచులో మిగిలిన ముక్కను రేకు డబ్బాలో దాచాను. ఈ రోజు అది అతుకులోకి వెళ్లిపోయింది, ఇక లేదు. కుట్టడం అయ్యేదాకా చిట్టెమ్మత్త ఎదురుగా కూర్చుంది.

"ఇంక ఆగుతాదేటిరా?" అంది.

బాగా ఆగుతుందనే మాట నోటిదాకా వచ్చింది. "కుట్టు ఆగుతాదత్తా. దాని పక్కనున్న ఉన్ని ఆగదు. ఈ సీజను గట్టెక్కుతాది, అంతే."

ఆవిడ తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది. "అయితే ఈసారి నానూ వత్తాను, సూడ్డానికి" అంది.

మొదటి లోడు వచ్చినప్పుడు ఆవిడకు బస్తాల పక్కన కుర్చీ వేయాలి. టోపీని రెండు చేతులా ఎత్తాలి. కళ్లు మూసుకోవాలి.