సింధూరం ముద్ర ఎక్కడ పడింది

నా చిన్నప్పుడు ఆంజనేయస్వామికి పూసే సింధూరాన్ని మా తాతయ్య కారు గేర్లకు పూసేవాడు. మొదటిసారి చూసినప్పుడు అదేదో వాహనపూజ అనుకుని నేను చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని దండం పెట్టాను. తాతయ్య కడుపుబ్బ నవ్వాడు. అమ్మమ్మకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. పూజ సామాను డబ్బాలోంచి సింధూరం పొట్లం మాయమైనప్పుడల్లా ఇల్లు పీకి పందిరేసేది.

తాతయ్యకు సూర్యాపేటలో పెద్దరోడ్డు పక్కన మెకానిక్ షెడ్డు ఉండేది. ఎండాకాలం సెలవులు వస్తే నా మకాం అక్కడే. లారీ దూరంగా వస్తుండగానే దాని జబ్బేమిటో చెప్పగల మనిషి అని ఆయనకు పేరు. కానీ నాకు పదేళ్ళు వచ్చిన ఆ ఏడాది ఆయన పానా మీది నంబరును చూడకుండా బొటనవేలితో తడిమి తెలుసుకోవడం గమనించాను. టీ గ్లాసు కోసం చెయ్యి చాపితే అది గ్లాసుకు బెత్తెడు ఇవతలే ఆగేది. ఎవరైనా అడిగితే "నా కండ్లకేమైంది? మంచిగనే ఉన్నయ్" అని కసిరేవాడు.

ఆ సెలవుల్లోనే మిర్యాలగూడ రైసుమిల్లు షావుకారు ఒక కారును లారీ మీద వేయించి పంపాడు. రెండే సీట్లున్న, పైకప్పు లేని పాత విదేశీ స్పోర్ట్స్ కారు. పోయిన వాళ్ళన్నయ్యదట. ఏళ్ళ తరబడి ఊక గోదాములో పడి ఉండడంతో తలుపు తీస్తే ఊక రాలేది. అన్న నడిపినట్టే దాన్ని ఒక్కసారైనా రోడ్డు మీద నడపాలని షావుకారు కోరిక. మామయ్యకు మాత్రం ఇదంతా నచ్చలేదు. "ఇదే ఆఖరు పని నాయినా. ఇది గిట్ల తప్పిందంటే ఇగ షెడ్డుకు తాళమేసుడే" అని నా ముందే అన్నాడు. తాతయ్య తల వంచుకుని పానా తుడవసాగాడు. ఆయన మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

ఇంజను, బ్రేకులు అన్నీ కుదిరాయి గానీ డిఫరెన్షియల్ దగ్గర పని ఆగింది. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు పంచేది అదే. దాని లోపల చిన్న పళ్ళెమంత పళ్ళచక్రం ఒకటి, దాన్ని తిప్పే పినియన్ అనే చిన్న గేరు ఒకటి ఉంటాయి. పాత జత అరిగిపోయింది. ఎంతో వెతగ్గా కోదాడలో పాత సామాన్ల దుకాణంలో అలాంటిదే ఇంకో జత దొరికింది. ఒక్క పన్ను విరిగినా మరో జత దొరికే ఆశ లేదు.

ఆ రెండు గేర్లూ సరిగ్గా కలిశాయో లేదో చూడడానికే సింధూరం. నూనెలో కలిపి పెద్దచక్రం పళ్ళకు పల్చగా పూసి, రెండింటినీ కలిపి తిప్పితే, పన్ను మీద రాసుకున్న చోట ముద్ర తేలుతుంది. ముద్ర పన్ను నడుమ పడితే కుదిరినట్టు. పైఅంచున పడితే పినియన్ దూరంగా ఉన్నట్టు. అప్పుడు కాగితమంత పల్చని ఉక్కు రేకును దాని వెనక వేసి ముందుకు జరపాలి.

తాతయ్య పూసి, తిప్పి, చక్రాన్ని ఎండలోకి తెచ్చి ముక్కుకు ఆనించుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తర్వాత గొంతు తగ్గించి నన్ను పిలిచాడు.

"ముద్ర నడుమనే వడ్డది గద బిడ్డా?"

ముద్ర నడుమ పడలేదు. పన్ను పైఅంచున బియ్యపు గింజంత గీత ఉంది, అంతే. కానీ ఆయన నా మొహంలోకి చూస్తున్న తీరు, ఆ "గద" అన్న మాటలోని ఆశ నా నోట నిజం రానివ్వలేదు. మామయ్య మాట కూడా గుర్తొచ్చింది. "నడుమనే వడ్డది తాతా" అన్నాను. అబద్ధమాడినట్టు కూడా అనిపించలేదు నాకు, ఆయనకు మంచినీళ్ళిచ్చినట్టు అనిపించింది.

రెండు రోజుల్లో డిఫరెన్షియల్ ఎక్కించి, కొత్త నూనె పోసి, బోల్టులన్నీ బిగించారు. షావుకారు స్టీరింగు పట్టాడు, పక్కన తాతయ్య, ఆయన ఒళ్ళో నేను. పెన్‌పహాడ్ దారిలో బండి వేగం అందుకోగానే వెనకనుంచి సన్నగా ఒక కూత మొదలైంది. వేగం పెరిగినకొద్దీ అది గట్టి ఊళ అయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. తాతయ్య వెంటనే బండి ఆపించాడు.

"ఆ జత గూడ పోతే ఇగ ఈ బండి ఊక గోదాములనే ఉంటది మేస్త్రీ!" షావుకారు మొహం కోపంతో కందిపోయింది. "జూసే బిగించినవా?"

తప్పు నాదేనని తాతయ్య చెబుతాడనుకుని తల దించుకున్నాను. చెప్పినా తప్పు లేదు. కానీ ఆయన కిందికి దిగి, ఏడాదిగా ఇంట్లోవాళ్ళ దగ్గర కూడా దాచిన మాటను ఆ రోడ్డు మీద నిలబడి చెప్పాడు.

"సూడలేదు సేటూ. నాకు కండ్లు కనవడ్తలేవు. ఈ పిల్లతోని సూపిచ్చిన. అడుగుడు గూడ నేనే తప్పడిగిన. కొత్త రేకేసి మల్లొకసారి సూడనియ్యి."

"మరి ఇప్పుడెవరు సూస్తరు?"

"ఈ పిల్లనే."

షావుకారు నన్ను ఎగాదిగా చూశాడు. చివరికి "పదా, మెల్లగ వాపస్ పోదాం" అన్నాడు. దారి పొడుగునా తాతయ్య చెయ్యి నా నెత్తి మీదే ఉంది.

మర్నాడు డిఫరెన్షియల్‌ను మళ్ళీ దింపారు. పళ్ళు ఇంకా పాడుకాలేదు. "తాతా, ఆనాడు ముద్ర అంచుకే వడ్డది" అన్నాను వెక్కుతూ.

"కూత ఇన్నప్పుడే నాకెరుకైంది. నువ్వేం జేస్తవు బిడ్డా, నాకేం గావాల్నో నేనే జెప్పి అడిగితిని." ఆయన తాజాగా సింధూరం పూసి, తిప్పి, చక్రాన్ని నా చేతికిచ్చి మొహం పక్కకు తిప్పుకున్నాడు. కావాలనే తిప్పుకున్నాడని ఇప్పుడు తెలుస్తోంది. "ఇగ జెప్పు. ఏడ వడ్డది?"

ఈసారి నా ముందు చక్రం తప్ప ఎవరి మొహమూ లేదు. "పైఅంచుకు. బియ్యపు గింజంత" అన్నాను. ఒక రేకు వేశాడు. "ఏడ వడ్డది?" "జర కిందికొచ్చింది. ఇంకా నడుమకు రాలే." ఇంకో రేకు. మూడోసారి పన్ను నడుమ చింతగింజంత ముద్ర నిండుగా కనబడింది. ఆ మాట చెప్పినప్పుడు ఆయన మళ్ళీ అడగలేదు, తన కళ్ళతో చూడాలనీ ప్రయత్నించలేదు. నమ్మి బిగించేశాడు. నా మాటకు అంత విలువ ఉంటుందని నాకు తెలిసింది ఆ రోజే.

ఆ వారమే పెన్‌పహాడ్, నేరేడుచర్ల దాటి మిర్యాలగూడ దాకా వెళ్ళాం. ఇంజను మోత, గాలి హోరు తప్ప వెనకనుంచి చప్పుడే లేదు. మిల్లు ముందు బండి ఆపి షావుకారు కాసేపు స్టీరింగు మీద తల ఆనించుకున్నాడు. తర్వాత తాతయ్యను తనే కళ్ళ దవాఖానకు తీసుకుపోయాడు. షెడ్డుకు తాళం పడలేదు.

నేను పెద్దయ్యాక నర్సునై కోదాడలో స్థిరపడ్డాను. "నొప్పి తగ్గింది కదా?" అని అడిగితే పాపం, ప్రతి రోగీ మన మొహం చూసి తగ్గిందనే అంటాడు. అందుకని ఉద్యోగం చేసినన్నాళ్ళూ "ఎక్కడుంది, ఎట్లుంది?" అనే అడిగాను. అడిగి, జవాబు వాళ్ళ నోటనే వచ్చేదాకా ఆగడం అలవాటు చేసుకున్నాను.

మొన్న నా కంటికే ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన నర్సు చిన్నపిల్ల. "బాగా కనిపిస్తుంది కదమ్మా?" అంది ఆశగా. దాని సంతోషం చూసి నా తల దానంతటదే ఊగబోయింది. ఆపుకున్నాను.

"నడుమ బాగానే ఉందమ్మా. కుడి అంచున మసకగా ఉంది."

ఆ పిల్ల చిన్నబుచ్చుకోలేదు. దగ్గరికి వంగి, "ఎక్కడమ్మా? చూపించండి" అంది. ఆ ఒక్క మాటకు నా కళ్ళు నిండిపోయాయి. మందు మంటేమోనని ఆ పిల్ల దూది తీసి మెల్లగా తుడిచింది. నేను వేలెత్తి చూపించాను, ఇక్కడ అని.